తాండ్ర కాగితం

"మా రావియాకి వంటిల్లే మసీదమ్మా. పిలిచినా బయటికి రాదు."

హాల్లో కూర్చున్న ఇరుగుపొరుగు ఆడవాళ్ళతో అత్తగారు బహీజా అంటున్న మాట వంటింట్లోకి వినిపించింది. రావియా బాతు పొట్టలో ఉల్లిపాయ ముక్కలు కూరుతోంది. ఈ మాట కొత్తది కాదు. పెళ్ళయిన ఏడాది మొదలుపెట్టింది అత్తగారు, పద్నాలుగేళ్ళుగా ఎవరు గడపతొక్కినా ఇదే పాట. తిట్టయితే తిరిగి తిట్టచ్చు, లేదా మూల కూర్చుని ఏడవచ్చు. పొగడ్తని ఏం చేసుకోవాలి? పైగా వచ్చినవాళ్ళంతా "అదృష్టవంతురాలివి బహీజా" అని తలలూపుతారు. ఆ ఊపిన తలలన్నిటికీ భోజనం పెట్టాల్సింది మళ్ళీ రావియానే. అదీ రంజాన్ నెల, ఉపవాసం, నాలిక్కి ఉప్పు తగలనివ్వకుండా వండాలి.

నిజం చెప్పాలంటే రావియాకి వంటంటే మంట. ఆమెకి నచ్చింది ఆ గదిలో వెలుతురు లేకపోవడం. ఈజిప్టులోని ఈ దుమ్యాత్ ఊళ్ళో సగంమంది చెక్క కోస్తే తక్కిన సగం దానికి మెరుగు పెడతారు. భర్త శుక్రీ ఆ రెండో సగంలోవాడు. ఇంట్లో ఏ కుర్చీ చూసినా బంగారు పూత, ఏ బల్ల చూసినా అద్దంలా మెరుపు, పైకప్పు నిండా తెల్లటి దీపాలు. కొనడానికి ఇంటికొచ్చినవాళ్ళకి సరుకు మెరవాలి కదా మరి. ఆ హాల్లో అడుగుపెడితే చాలు రావియా కళ్ళలో ఎవరో ఇసక చల్లినట్టుంటుంది, కణతలు లాగుతాయి. వంటింటి కిటికీ మాత్రం ఇళ్ళ మధ్య ఇరుకు సందులోకి తెరుచుకుంటుంది. ఎండ రాదు. పొగపట్టిన పసుపు బల్బు ఒక్కటే. అక్కడ ఆమెకి ఊపిరాడుతుంది.

ఇంక చదవడం సంగతి. తెల్ల కాగితం తెరిస్తే మాటల మధ్యనున్న తెలుపు పాలు పొంగినట్టు పొంగుతుంది. అరబ్బీ అక్షరాల మీది చుక్కలు లేచి పక్క అక్షరం మీద వాలతాయి. ఒక చుక్కున్నదానికి రెండు, రెండున్నదానికి ఏమీ లేకుండా పోతాయి. అందరికీ ఇలాగే ఉంటుందనీ, తక్కినవాళ్ళకి ఓపిక ఎక్కువనీ పదేళ్ళు వచ్చేదాకా అనుకుంది. తరవాత నాన్న కళ్ళ డాక్టరుకి చూపించాడు. ఆయన గోడమీది గుర్తులు చదివించి, "గద్ద కళ్ళమ్మా నీవి. బద్ధకం వదిలించుకో" అని పంపేశాడు. ఆ ఒక్క మాటతో ఆమె నోరు మూతపడింది. కళ్ళు బాగున్నాయి, కాబట్టి మిగిలింది బుర్రే కదా. పెళ్ళికి ముందు నీళ్ళ బిల్లుల ఆఫీసులో కొన్నాళ్ళు పని చేసింది. వరసల్లో అంకెలు జారిపోయేవి, ఒకరి బిల్లు ఇంకొకరికి వెళ్ళేది. "కళ్ళు మూసుకుని రాస్తున్నావా అమ్మాయ్?" అని పైఅధికారి అందరిముందూ అడిగాడు. వాళ్ళు తీసేసేలోగా తనే మానేసింది. పెళ్ళి కోసం మానేసిందని బంధువులు మెచ్చుకున్నారు.

ఇంట్లో నల్లద్దాలు పెట్టుకుంటే శుక్రీ ఊరుకోడు. "ఏంటా వేషాలు? సినిమా తారవా? వచ్చినవాళ్ళు నేను నీ కన్ను వాచేలా కొట్టాననుకుంటారు" అంటాడు. పుస్తకం ఏటవాలుగా పట్టుకుంటే, "తిన్నగా చూడలేవా?" అంటాడు. మెరుగు పెట్టిన చెక్కని వెలుతురుకి అటు తిప్పి ఇటు తిప్పి, తల వాల్చి, ఒక కన్ను మూసి పూటలకి పూటలు చూసే మనిషే ఈ మాటంటాడు. చెక్క విషయంలో దాన్ని పనితనం అంటారు. ఆడదాని విషయంలో వేషం అంటారు కాబోలు.

ఈ రోజు మామగారు పోయిన నలభయ్యో రోజు. ఆయన ఆత్మశాంతికి ఆడవాళ్ళంతా కలిసి ఒకే విడతలో ఖురాన్ పూర్తిచేయాలి. అందుకోసం మసీదునుంచి చెక్కపెట్టె తెచ్చారు. అందులో ముప్పై భాగాలూ ముప్పై పల్చటి పుస్తకాలుగా ఉంటాయి, తలా ఒకటి రెండు తీసుకుని ఎవరికి వాళ్ళు చదువుకుంటారు. ఇలాంటి ప్రతిసారీ రావియా చేసే పని ఒకటుంది. పెట్టె తెరవగానే అందరికంటే ముందు చెయ్యి పెట్టి చివరిదైన ముప్పయ్యో భాగం తీసుకుంటుంది. చిన్నప్పుడు విని విని అదంతా ఆమెకి నోటికొచ్చు. పుస్తకం తెరిచి, కళ్ళు దించి, పెదాలు కదుపుతూ, పక్కామె పేజీ తిప్పినప్పుడు తనూ తిప్పుతుంది. అది కాగానే తేలుకుట్టిన దొంగలా వంటింట్లోకి. "పాపం, కూర్చోనే కూర్చోదు" అంటారు వెనక.

అలా ఎన్నేళ్ళయినా గడిచిపోయేది. రంజాన్ మొదటి వారంలో ఖుబానీ తాండ్ర ఆ పని చెడగొట్టింది.

ఉపవాసం విడిచేటప్పుడు తాగడానికి ఎండు ఖుబానీ తాండ్రని నీళ్ళలో నానబెడతారు. తాండ్ర చుట్టూ నారింజరంగు పారదర్శకపు కాగితం ఉంటుంది, అద్దంలా అటువైపుది కనిపిస్తుంది. ఆ సాయంత్రం రావియా దాన్ని ఒలిచి చెయ్యి ఖాళీ లేక వంటింటి బల్లమీద పడేసింది. బల్లమీద మూడో తరగతి చదివే కూతురు మరామ్ వాచకం తెరిచి ఉంది. కాగితం పేజీ మీద పడింది. రావియా చూపు యథాలాపంగా అటు పోయి అక్కడే ఆగిపోయింది. చుక్కలు ఎక్కడివక్కడే ఉన్నాయి. కాగితం తీసింది, తెలుపు పొంగింది. మళ్ళీ పెట్టింది, పొంగు దిగింది. తీసింది, పెట్టింది. పిచ్చిదానిలా ఎన్నిసార్లు చేసిందో. "కుందేలు బావి దగ్గరికి వెళ్ళింది" అని ఒక మొత్తం వాక్యాన్ని, ఆగకుండా, ముప్పై ఆరేళ్ళ వయసులో చదివి, బాతుల బుట్ట పక్కన నేలమీద కూలబడి ఏడ్చింది. సంతోషమో కోపమో ఆమెకే తెలియలేదు. కోపమే ఎక్కువ.

మరామ్ వచ్చి, "ఏమైందమ్మా?" అంది. రావియా కాగితం కింద పేజీ చూపించింది. మరామ్ వంగి చూసింది.

"అమ్మా, అక్షరాలు కూర్చున్నాయే."

బిడ్డ పుస్తకాన్ని ఏటవాలుగా పట్టుకోవడం, నుదురుకి చెయ్యి అడ్డం పెట్టుకోవడం, బడిలో సోమరి అనిపించుకోవడం, అన్నీ ఎదురుగా కనిపిస్తున్నా ఇన్నాళ్ళూ చూడనట్టు నటించిన తల్లికి ఇంక దారి లేకపోయింది. అయినా ఏం చేసింది? "దీన్ని బడికి తీసుకెళ్ళనా?" అని మరామ్ అడిగితే, "వద్దమ్మా, నవ్వుతారు. మనిద్దరి మధ్యే ఉండనీ" అంది. కాగితాన్ని శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, జీలకర్ర సీసా వెనక దాచింది. ఆ రోజునుంచీ ఆమెకి మనసు మనసులో లేదు. పొయ్యిమీద గిన్నె పెట్టి మర్చిపోతుంది. సీసా జరిపి చూస్తుంది. మళ్ళీ మూస్తుంది.

ఇప్పుడు హాల్లో పెట్టె తెరిచిన చప్పుడైంది. రావియా చేతులు కడుక్కుని పరుగున గుమ్మం దాకా వచ్చింది. అప్పటికే ఆలస్యమైంది.

"ముప్పయ్యోది మరామ్‌కివ్వండి" అంటోంది అత్తగారు. "బడిలో అదేగా నేర్పేది. తాతయ్యకి మనవరాలి గొంతు కూడా చేరాలి. రావియాకి వంట పనుంది, దాని భాగం నెస్రీన్ చదివేస్తుంది."

నెస్రీన్ శుక్రీ చెల్లెలు, బ్యాంకులో పని చేస్తుంది, చదవడంలో గుర్రం. సరేనన్నట్టు రెండు పుస్తకాలు ఒళ్ళో పెట్టుకుంది. మరామ్ తన పుస్తకం తెరిచింది. పైనుంచి తెల్లటి దీపాలు, ఎదురుగా మెరిసే బల్ల, చేతిలో నున్నటి తెల్ల కాగితం. పిల్లకి వచ్చిన చిన్న అధ్యాయాలు చివరెక్కడో ఉన్నాయి. మొదటి పేజీ అంతా రానిదే. చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుంది. పుస్తకాన్ని పక్కకి వాల్చింది.

"తిన్నగా పట్టుకోవే మరామ్" అంది నెస్రీన్. "ఏం, నిద్రొస్తోందా?"

మరామ్ పుస్తకం మూసి, ముద్దు పెట్టుకుని, జాగ్రత్తగా పెట్టెలో పెట్టేసింది.

"నానమ్మా, నేను అమ్మ దగ్గరికెళ్ళి ఉప్పు చూసిపెడతా. నాకు ఉపవాసం లేదుగా. నాకు వంటిల్లే ఇష్టం."

ఆడవాళ్ళంతా ముద్దుగా నవ్వారు. "పోనీలే, తల్లి మసీదే కూతురికీను" అంది అత్తగారు.

రావియా గుమ్మం దగ్గర్నుంచి అంతా వింది. ఎనిమిదేళ్ళ పిల్ల దాక్కునే చోటు వెతుక్కుంది. ఎంత తెలివైన చోటు! అక్కడికెళ్తే ఎవరూ తిట్టరు, పైగా మెచ్చుకుంటారు. రేపు బడిలో వెనక బెంచీ, ఎల్లుండి ఏదో ఒక ఆఫీసులో జారిపోయే అంకెలు, ఆ తరవాత ఇంకెవరి ఇంట్లోనో పొగపట్టిన పసుపు బల్బు. అక్కడ ఇంకో అత్తగారు వచ్చినవాళ్ళకి చెబుతుంది, మా కోడలికి వంటిల్లే అని. ఈ దారి బిడ్డకి చూపించింది ఎవరు? శుక్రీ కాదు, అత్తగారూ కాదు. నవ్వుతారు, దాచుకో అని చెప్పిన నోరు తనదే.

మరామ్ వంటింట్లోకి వచ్చి, "ఏది అమ్మా, గరిటె ఇవ్వు" అంది.

"గరిటె లేదు. వెళ్ళి చేతులూ మొహం కడుక్కుని రా."

రావియా మంట తగ్గించింది. తనూ కడుక్కుంది. జీలకర్ర సీసా జరిపి, నారింజరంగు కాగితం తీసి, కత్తెరతో రెండు ముక్కలు చేసింది. మరామ్ చెయ్యి పట్టుకుని హాల్లోకి నడిచి, ముందుగా మీటలు నొక్కి పైదీపాలన్నీ ఆర్పేసింది.

"ఏమే రావియా, దీపాలార్పావేం? చదువుకోవట్లా మేము?"

"కిటికీ వెలుతురుంది కదా అత్తయ్యా. ఆ దీపాల కింద నాకు అక్షరాలు నిలవవు."

"నిలవకపోవడమేంటి?"

"కదులుతాయి. చిన్నప్పట్నుంచీ కదులుతూనే ఉన్నాయి." రావియా అందరివైపూ తిరిగింది. "ఇన్నేళ్ళూ నేను పుస్తకం తెరిచి చదివిందేం లేదు. నోటికొచ్చింది వల్లించి, మీరు పేజీ తిప్పితే తిప్పాను. మరామ్‌దీ నా అవస్థే. అది మొద్దూ కాదు, సోమరీ కాదు."

నెస్రీన్ మెల్లగా, "డాక్టరు నీ కళ్ళు బాగున్నాయన్నాడుగా వదినా?" అంది.

"బాగున్నాయి. అందుకే ఎవరూ నమ్మలేదు. నేనూ నమ్మలేదు."

మరామ్‌ని కిటికీ పక్కన కూర్చోబెట్టి, ముప్పయ్యో భాగం చేతికిచ్చి, పేజీ మీద ఒక ముక్క పరిచింది. నెస్రీన్ ఒళ్ళోంచి తన భాగం తీసుకుని రెండో ముక్క దానిమీద పరిచింది. అత్తగారు కళ్ళద్దాలు సర్దుకుని చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది.

"అది తాండ్ర కాగితం కాదుటే? మిఠాయి చుట్టినదాన్ని అల్లా మాటల మీద పెడతావా? పాపం తగలదూ?"

"కడిగానత్తయ్యా, మూడుసార్లు. మీరు గాజుముక్కలు ముక్కుమీద పెట్టుకుని చదవట్లా? నాది కాస్త రంగుది. అంతే."

పొరుగామె ఒకావిడ నవ్వాపుకుంటూ ముసుగు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అత్తగారు ఆవిడ వంక కొరకొరా చూసింది గానీ తన కళ్ళద్దాలు తీయలేదు.

రావియా పైకే చదవడం మొదలుపెట్టింది. గతుకుల రోడ్డు మీద గాడిదబండిలా సాగింది చదువు. ఒక మాట దగ్గర ఆగింది, వెనక్కెళ్ళింది, మళ్ళీ ఎత్తుకుంది. నెస్రీన్ రెండు చోట్ల తప్పు దిద్దింది, మూడోచోట దిద్దబోయి ఆగి, రావియా తనంతట తను దిద్దుకునేదాకా చూసింది. పక్కన మరామ్ సన్నటి గొంతు ఒక్కో అక్షరం కూడబలుక్కుంటోంది. రావియాకి చెమటలు పట్టాయి. సిగ్గుగా ఉంది. ఆ సిగ్గు కింద, ఎన్నాళ్ళగానో బిగబట్టిన గాలేదో మెల్లగా వదులుతున్నట్టుంది.

"ఇలా తడబడుతుంటే ఎప్పటికయ్యేను?" గొణిగింది అత్తగారు.

"తడబడి చదివేవాళ్ళకి రెండింతల పుణ్యం అంటారుగా. ఆ రెండోది మామయ్యకే ఇచ్చేస్తాలెండి."

అత్తగారు తన పుస్తకంలోకి తల దించింది.

ఎండ పసుపెక్కింది. వంటింట్లోంచి ఉల్లిపాయ మాడుతున్న వాసన వచ్చింది. ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు, తరవాత అందరూ అలవాటు కొద్దీ రావియా వైపు చూశారు. రావియా వేలు వాక్యం మీంచి కదల్లేదు. అప్పుడే శుక్రీ వేడి రొట్టెలు చంకన పెట్టుకుని లోపలికొచ్చాడు.

"పొద్దు కుంకబోతోంది, ఇంకా విస్తట్లోకి ఏం రాలేదా? చీకట్లో ఏం చేస్తున్నారు?" అని, పెళ్ళాం చేతిలో నారింజ కాగితం చూసి, "ఇదేం వేషం?" అన్నాడు.

అతను వంగి, కాగితం జరిపి, పుస్తకాన్ని కిటికీ వైపు వాల్చి, చెక్కని చూసినట్టే ఒక కన్ను మూసి చూశాడు.

"నాకేం కదలట్లేదే."

"మీకు కదలవు. మాకు కదులుతాయి" అంది రావియా. కాగితాన్ని మళ్ళీ పేజీ మీదికి జరుపుకుంది. "నా భాగం ఇంకా అవలేదు. వంటిల్లు అక్కడే ఉంది, మీకు దారి తెలుసు."

శుక్రీ తల్లి వైపు చూశాడు. అత్తగారు మోకాళ్ళు పట్టుకుని, మూలుగుతూ లేచింది. "నిలబడి చూస్తావేంరా? బాతు మాడితే మీ నాన్న పేరు చెప్పి నలభై మంది పస్తుంటారు. రా, గిన్నె దించు" అని కొడుకుని ముందుకి తోసింది. ఆ విసురు ఎవరిమీదో రావియాకి అర్థం కాలేదు, అర్థం చేసుకోవాలనీ అనిపించలేదు. లోపల గరిటెలు వెతుకుతున్న చప్పుళ్ళు, "ఉప్పెక్కడ?" అని శుక్రీ కేక. చెప్పడానికి ఆమె నోరు తెరవబోయి, మూసుకుంది.

"అమ్మా, ఈ పేజీ అయిపోయింది" అంది మరామ్.

రావియాకి ఇంకా ఒక వాక్యం ఉంది. వేలు పెట్టి, చివరి చుక్క దాకా వెళ్ళింది. అప్పుడు పేజీ తిప్పింది. ఈసారి చదివి తిప్పింది.