మెడ కొలత

కాలరు కొన తిప్పడం చూసినంత తేలిక కాదు. లోపలి వైపు కుట్టి, అంచు సన్నగా కత్తిరించి, మొద్దు కత్తెర మొనతో నెమ్మదిగా పొడుస్తూ బయటికి తీయాలి. గట్టిగా పొడిస్తే గుడ్డ చిరుగుతుంది. భయపడుతూ పొడిస్తే కొన గుండ్రంగా ఉండిపోయి, వేసుకున్నవాడి మొహం కూడా దిగాలుగా కనిపిస్తుంది. ఆమె రోజుకి ఇరవై కాలర్లు తిప్పుతుంది. పిల్ల నిద్రపోతే ఇరవై, లేకపోతే పదిహేను, ఆ మిగిలిన అయిదింటికీ సాయంత్రం సంజాయిషీ.

ఆ చొక్కాలన్నీ మాస్టరు కుట్టినవనే వీధంతా అనుకుంటుంది. మాస్టరంటే ఆమె భర్త. కాలర్లూ, కాజాలూ, బొత్తాలూ ఇంట్లో ఒక మనిషి చేతి మీదుగా పోతాయన్నది ఎవరికీ తట్టదు. అత్తగారికి అసలే తట్టదు. "ఇంట్లో కూర్చుని చేసేది కూడా పనేనా, మా రోజుల్లో దాన్ని కాలక్షేపం అనేవాళ్ళం" అంటుందావిడ, కోడలి చేతిలో వేడి ఇస్త్రీపెట్టె ఉండగానే.

మాస్టరుకి ఆ చుట్టుపక్కల ఒక పేరుంది. షాపు గుమ్మంలో కాలు పెట్టిన మనిషిని చూసి మెడ ఎంతో చెప్పేస్తాడు. "పదిహేనున్నర" అంటాడు. టేపు పెట్టి చూస్తే పదిహేనున్నరే. కొత్తవాళ్ళు నోరు తెరుస్తారు. "పన్నెండేళ్ళ కన్నండీ ఇది, అబద్ధం చెప్పదు" అని నవ్వుతాడు. ఆ నవ్వు చూసినప్పుడల్లా ఆమెకీ కాస్త గర్వంగానే ఉండేది.

ఎనిమిది నెలల కిందట ఒక ఉదయం, మెడ దాకా మూసుకునే ఆమె జాకెట్టు పై బొత్తాం పట్టలేదు. "కదలకుండా తింటే ఒళ్ళు రాక ఏమవుతుంది" అంది అత్తగారు. ఆమె ఊరుకుంది కానీ ఆలోచన ఊరుకోలేదు. కాలర్లు కుట్టే మనిషికి ఒళ్ళు రావడమంటే ఏమిటో తెలుసు. ముందు నడుం దగ్గర వస్తుంది, చంకల దగ్గర వస్తుంది, మెడ దగ్గర అన్నిటికన్నా ఆఖరున వస్తుంది. ఆమె జాకెట్టు నడుం దగ్గర వదులైంది. మెడ ఒక్కటే బిగిసింది. అద్దం ముందు తల పైకెత్తి గుటక వేస్తే, గొంతు కింద కుడి వైపున ఏదో పైకి లేచి మళ్ళీ కిందికి జారింది.

కొలుద్దామంటే ఇంట్లో టేపు లేదు. ఉన్న ఒక్క టేపూ పొద్దున లేచిన దగ్గర్నుంచీ భర్త మెడలోనే వేలాడుతుంది, అతనితోనే షాపుకి పోతుంది. అందుకని పాత పేపరు తీసి, పైన తేదీ అచ్చువేసిన అంచుని పట్టీలా కత్తిరించి మెడ చుట్టూ తిప్పింది. రెండు కొనలూ కలిసిన చోట గోటితో నొక్కి, అక్కడికి తెగ్గోసింది. మరుసటి నెల అదే తారీఖు పేపరుతో ఇంకోటి. తొమ్మిదో తరగతితో బడి మానేసిన తన మాట ఎవరూ నమ్మకపోయినా, పేపరు మీద అచ్చయిన తేదీని నమ్మాలి కదా అనుకుంది. ఇప్పుడవి ఎనిమిదయ్యాయి. పిల్ల పాత పౌడరు డబ్బాలో దాచింది. ఒకదాని మీద ఒకటి పెడితే, మెట్లలా ఉన్నాయి.

ఈ మధ్య గొంతు కూడా బొంగురుపోయింది. షాపు ఫోను ఇంట్లో ఉన్న రోజు ఎవరో చేసి, ఆమె "హలో" అనగానే "అన్నా, నా ప్యాంటు అయిందా?" అని అడిగారు. ఆ మాట భర్త నాలుగు రోజులు చెప్పుకుని నవ్వాడు. "మా ఇంట్లో ఇద్దరం మగాళ్ళం" అని వచ్చినవాళ్ళకి కూడా చెప్పాడు. "పిల్ల మీద అరిచి అరిచి పోగొట్టుకుంది" అని అత్తగారు తేల్చేసింది. ముద్ద మింగడానికి సమయం పడుతుంటే, "అంత సాగదీస్తావేం, గిన్నెలు ఎండిపోతున్నాయి" అంది. మూడేళ్ళ కూతురు మాత్రం మధ్యాహ్నం పక్కన పడుకుని, తల్లి మెడ మీద చెయ్యేసి, "అమ్మా, నీ బంతి" అని నిద్రపోయేది. ఆ చెయ్యి బరువు కింద ఆమె కదలకుండా పడుకుని లెక్కలు వేసుకునేది. పిల్లకి ఇంకా కుడి చెప్పు ఏదో ఎడమ చెప్పు ఏదో తెలియదు. జ్వరం వస్తే ఏ మందు తాగుతుందో, ఏది ఉమ్మేస్తుందో ఈ ఇంట్లో ఇంకెవరికీ తెలియదు. నాకేమైనా అయితే దీని తల ఎవరు దువ్వుతారు? చిక్కు తీసేటప్పుడు కుదుళ్ళ దగ్గర పట్టుకోవాలని ఎవరికి తెలుసు?

పట్టీలు చూపించి పది రోజులు బతిమాలితే భర్త ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. "మెడ కప్పుకుని వెళ్ళు, చూసేవాళ్ళు ఏమనుకుంటారు" అని అత్తగారు స్కార్ఫు ఇచ్చి, తనే రెండు చుట్లు చుట్టింది. డాక్టరు తల నెరిసిన మనిషి, గొంతు చెవుల డాక్టరు. బయట ముప్పై మంది ఉన్నారు.

"ఏమిటమ్మా ఇబ్బంది?"

"గొంతు నొప్పండీ" అన్నాడు భర్త.

"ఎన్నాళ్ళుగా?"

"పది రోజులైందండీ."

"మింగడం కష్టంగా ఉందా?"

"అబ్బే, బాగానే తింటుందండీ."

బతిమాలడం మొదలుపెట్టి పది రోజులు. అతనికి ఆమె జబ్బు అక్కడే పుట్టింది. ఆమె సంచిలో పౌడరు డబ్బా మీద చెయ్యి వేసింది. నాలుక కదిలేలోపు డాక్టరు టార్చి వేసి "ఆ అనండి" అన్నాడు, లోపల కాస్త ఎర్రగా ఉందన్నాడు, అయిదు రోజులకి మాత్రలు, ఉప్పు నీళ్ళ పుక్కిలింత రాశాడు. స్కార్ఫు కదలనేలేదు. తిరిగి వస్తూ భర్త హుషారుగా ఉన్నాడు. "చూశావా, ఊరికే కంగారుపడ్డావు. పేపరు ముక్కలతో మెడ కొలుచుకునేదాన్ని నిన్నొక్కదాన్నే చూశాను."

అయిదు రోజులూ మాత్రలు వేసుకుంది. ఆరో రోజు పొద్దున పిల్లని చంకనెత్తుకుని, "ఆసుపత్రికి వెళ్ళొస్తానత్తయ్యా" అంది.

"మళ్ళీనా? వాణ్ణి రానీ."

"ఆయనకి పని ఉంటుంది కదా."

చీటీల దగ్గర అమ్మాయి "తోడెవరూ రాలేదా?" అంటే, "ఇదుందిగా" అని పిల్లని చూపించింది. డాక్టరు ముందు కూర్చున్నాక, ఆయన అడగకముందే స్కార్ఫు విప్పింది, పై బొత్తాం తీసింది. డబ్బాలోంచి పట్టీలు తీసి, తేదీల వరసలో బల్ల అంచుకి ఆనించి పేర్చింది. అంచులు తిన్నగా వచ్చాయి, అలవాటైన పని.

"మొన్న పది రోజులని చెప్పారు. ఎనిమిది నెలలండీ. మింగుతుంటే అడ్డం పడుతోంది. గొంతు మారి రెండు నెలలైంది. మొన్న నేను మాట్లాడలేదు, తప్పు నాదే."

డాక్టరు కళ్ళజోడు సవరించుకుని మొదటి పట్టీనుంచి ఆఖరి పట్టీ దాకా చూశాడు. "ఎవరు కొలిచారివి?"

"నేనేనండీ. కాలర్లు కుడతాను."

ఆయన గ్లాసుతో నీళ్ళిచ్చి గుక్క తాగమన్నాడు. మెడ వైపే చూశాడు. "బంతి ఎక్కింది" అంది పిల్ల, "దిగింది." తర్వాత ఆమె వెనక నిలబడి, రెండు చేతుల వేళ్ళతో గొంతు కింద నెమ్మదిగా తడిమాడు. పక్కల దవడ కిందా, భుజం పైనా కూడా చూశాడు. ఒక మనిషి తన మెడని ఇంతసేపు, ఇంత జాగ్రత్తగా పట్టించుకుని ఎన్నాళ్ళైందో ఆమెకి గుర్తు రాలేదు.

"మొన్న నేను కూడా చూడాల్సింది" అన్నాడు ఆయన కూర్చుంటూ. "ఇది థైరాయిడ్‌లో గడ్డమ్మా. భయపడకండి, ఎక్కువ మందికి ఇవి ప్రమాదం లేనివే. కానీ పెరుగుతోంది, గొంతు మారింది, అందుకని ఊరుకోకూడదు. ఇవాళ రక్తం ఇచ్చి స్కానింగు చేయించుకోండి. స్వరపేటిక ఎలా కదులుతోందో నేనే చిన్న గొట్టంతో చూస్తాను. గురువారం పదింటికి సన్న సూదితో గడ్డలోంచి కాస్త తీసి పరీక్షకి పంపుతారు. ఆపరేషను కావాలో, మందులు చాలో, ఊరికే కనిపెట్టుకుని ఉంటే సరిపోతుందో దాన్నిబట్టి చెబుతాను."

"ఆయన సంతకం కావాలాండీ?"

"మీది చాలు. ఆ రోజు పిల్లని మాత్రం తీసుకురాకండి."

మధ్యాహ్నం భర్త తిండికి వచ్చేసరికి ఆమె అంతా చెప్పింది. అతను విన్నాడు. పళ్ళెం పక్కన పెట్టి, "గురువారం ఎలా కుదురుతుంది? బడి చొక్కాలు ఆ రోజే ఇవ్వాలి. కాలర్లు ఇంకా ముప్పై రెండున్నాయి. పై వారం చూద్దాం" అన్నాడు.

"ఎనిమిది నెలలు ఆగింది, ఎనిమిది రోజులు ఆగదా" అంది అత్తగారు. అన్నాక ఆ మాట తనకే ఎలాగో అనిపించి, మంచినీళ్ళ చెంబు సర్దింది.

ఆమెకి కోపం రాలేదు. ఒక్కటి మాత్రం తెలుసుకోవాలనిపించింది. "ఏవండీ, నా మెడ ఎంతుంటుంది?"

"ఏం ప్రశ్న అది?" అతను చెయ్యి కడుక్కుంటున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు, "పదమూడు. పెళ్ళినాడు మొదటి జాకెట్టు నేనే కుట్టాను."

ఆమె అతని ముందుకి వచ్చి నిలబడింది. పై బొత్తాం తీసే ఉంది. చెయ్యి చాచి, అతని మెడలోంచి టేపు తీసుకుంది. తన మెడ చుట్టూ తిప్పి, కొన అతని వేళ్ళ మధ్య పెట్టింది. అతను చదివాడు. ఇంకోసారి సరిచేసి చదివాడు. వీధిలో ఎవడి మెడైనా గుమ్మంలోనే చదివేసే కళ్ళు, పద్నాలుగుంబావు దగ్గర ఆగిపోయాయి.

"తగ్గించి చెప్పకండి" అంది ఆమె.

పిల్ల మధ్యలో దూరి తండ్రి వేలు పట్టుకుని గడ్డ మీద పెట్టింది. "బంతి నాన్నా" అంది, మెల్లగా, నిద్రపోయే ముందు అనేలాగే. అతను చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

ఆమె గదిలోకి వెళ్ళి, తిప్పని కాలర్లన్నీ మూటతో సహా తెచ్చి అతని పక్కన పెట్టింది. పైన మొద్దు కత్తెర పెట్టింది.

"గురువారం తొమ్మిదింటికి బయల్దేరతాను. పిల్లకి చిక్కు తీసేటప్పుడు కుదుళ్ళ దగ్గర పట్టుకోండి, లేకపోతే ఏడుస్తుంది. కొనలు నెమ్మదిగా పొడవండి, చిరుగుతాయి."

టేపు తీసి అతనికి ఇవ్వబోయి ఆగింది. మళ్ళీ తన మెడలోనే వేసుకుంది.

"ఇది ఇంట్లో ఉంటుంది. షాపుకి ఇంకోటి తెచ్చుకోండి."