మా అమ్మే నేర్పింది

తెనాలిలో మా వీధివాళ్ళకి ఇంగ్లీషు ట్యూషన్ అంటే భువనేశ్వరి టీచరే, అంటే నేనే. నిన్నమొన్నటిదాకా అంతే. ఇప్పుడు మా ఎదురు మేడమీదికి రేపల్లె నుంచి షారోన్ అనే పిల్ల ఇంగ్లీషు ట్యూషన్ చెప్పడానికి వస్తోంది. రోజూ రైల్లో వచ్చి, మా గుమ్మం ముందు ఆగి, "బాగున్నారా టీచర్ గారూ?" అని నవ్వి మరీ మెట్లెక్కుతుంది. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది.

నా పద్ధతి నాది. ఫ్రేజల్ వెర్బులు పిల్లలు చేతులు కట్టుకుని నిలబడి అప్పచెప్పాలి. గివ్ అప్ అంటే వదిలివేయుట, లుక్ ఆఫ్టర్ అంటే సంరక్షించుట. ఒక్కటి తప్పినా మళ్ళీ మొదటినుంచి. ఆ పిల్ల దగ్గర అసలు పుస్తకమే లేదు! టర్న్ ఆన్ అంటూ ఫ్యాను వేయిస్తుంది, టర్న్ ఆఫ్ అంటూ ఆపిస్తుంది, టేక్ ఆఫ్ అంటూ చెప్పులు విప్పిస్తుంది. పైనుంచి ఒకటే నవ్వులు. చదువుకునే చోట నవ్వులేంటండీ?

మొదట సాయి కిరణ్ అటు మారాడు. వాళ్ళమ్మ నాకే వచ్చి చెప్పింది, "ఇప్పుడు ఇంట్లో కూడా ఇంగ్లీషులోనే పోట్లాడుతున్నాడండి" అని. నా దగ్గర అన్నేళ్ళు చదివి నోరు మెదపలేదు వెధవ! ఆ పూట నాకు అన్నం సహించలేదు.

అందుకే మా అమ్మాయి బిందుమాధవికి బాపట్లలో ఇంటర్వ్యూ రాగానే పట్టుబట్టాను. సముద్రం ఒడ్డున కొత్తగా కట్టిన రిసార్టులో రిసెప్షనిస్టు ఉద్యోగం. ఇంగ్లీషు బాగా మాట్లాడాలన్నారు. ఆ ఉద్యోగం దానికి రావాలి, నేర్పింది నేనేనని వీధి వీధంతా చెప్పుకోవాలి.

ఎలా తెలిసిందో, షారోన్ మెట్లు దిగి వచ్చింది. "బిందుని రోజూ కాసేపు నాతో మాట్లాడనివ్వండి టీచర్ గారూ. అలవాటవుతుంది."

"దానికి నేర్పడానికి తల్లి బతికే ఉందమ్మా" అన్నాను. మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయింది. నాకు హాయిగా అనిపించింది.

ఆ రోజు నుంచి బిందు చేత పుస్తకం మొత్తం వల్లె వేయించాను. సాయంత్రం కాసేపు జిరాక్సు తీయించుకోవాలని బయటికి వెళ్ళేది, అంతే.

ఇంటర్వ్యూ రోజు బాపట్లలో ఆ రిసార్టు ఆఫీసు వరండాలో, కిటికీ పక్క కుర్చీ చూసుకుని మరీ కూర్చున్నాను. లోపల మేనేజరు అడిగాడు, కోపంగా వచ్చిన గెస్టుతో ఎలా మాట్లాడతావని. మా బిందు లేచి నిలబడి, చేతులు కట్టుకుని మొదలుపెట్టింది. "కామ్ డౌన్ అంటే శాంతించుట. లుక్ ఇంటూ అంటే పరిశీలించుట..."

శభాష్ అనుకున్నాను. లోపల ఎవరో కిసుక్కున నవ్వారు.

"అప్పచెప్పడం కాదమ్మా. నేనే గెస్టుని. నా గదిలో ఏసీ పనిచెయ్యట్లేదు. మాట్లాడు" అన్నాడాయన.

బిందు కట్టుకున్న చేతులు విప్పింది. గోడ దగ్గరికి నడిచి, స్విచ్చి వేస్తున్నట్టూ తీస్తున్నట్టూ చేసి చూపిస్తూ, "ఒకసారి టర్న్ ఆఫ్ చేసి, మళ్ళీ టర్న్ ఆన్ చేసి చూస్తాను సార్" అని ఇంగ్లీషులో అందుకుంది. మధ్యలో నవ్వింది కూడా. ఆ చేతులు తిప్పడం, ఆ నవ్వు నాకు బాగా తెలుసు. అవి మా ఎదురు మేడవి. ఇన్నాళ్ళూ జిరాక్సు అంటూ వెళ్ళిందే గానీ, ఒక్క కాగితమైనా ఇంటికి రాలేదని అప్పుడు గుర్తొచ్చింది.

"బాగుందమ్మా. సోమవారం వచ్చెయ్. ఎవరు నేర్పారు నీకు?" అన్నాడు మేనేజరు.

నేను కుర్చీని కిటికీకి ఇంకాస్త దగ్గరగా జరుపుకున్నాను.

"మా అమ్మే నేర్పింది సార్."

నా ఆనందం చెప్పలేను. పక్కన కూర్చున్నావిడ వైపు తిరిగి, "ఆ అమ్మని నేనేనండి" అన్నాను. మేడా లేదు, జిరాక్సూ లేదు, అన్నీ మరిచిపోయాను. బాపట్ల స్టేషన్‌లో దానికి ఇష్టమని మిరపకాయ బజ్జీలు కూడా కొనిపెట్టాను.

బజ్జీ తింటూ అది తల దించుకుంది. "అమ్మా, తిట్టకు. నేను షారోన్ మేడం దగ్గరికి వెళ్ళాను."

"తెలుసులేవే. అయినా నా పేరు చెప్పావు. అది చాలు నాకు."

"అదీ మేడమే చెప్పమన్నారమ్మా. ఎవరైనా అడిగితే అమ్మ పేరే చెప్పు, లేకపోతే ఆవిడ బాధపడతారు అన్నారు."

చేతిలో బజ్జీ చేతిలోనే ఉండిపోయింది. నా పిల్లల్ని పట్టుకుపోయింది, నా కూతుర్ని పట్టుకుపోయింది, ఆఖరికి నా మీద జాలి కూడా పడిందా! తిట్టి పోసినా బాగుండేది. "ఆ ముక్క కడుపులో దాచుకుంటే నీ సొమ్మేం పోయిందే!" అని అరిచాను. ప్లాట్‌ఫాం మీద నలుగురూ తిరిగి చూశారు.

బిందు బజ్జీల కాగితానికి చేతులు తుడుచుకుంది. నేనే ఉండబట్టలేక, మెల్లగా అడిగాను. "పోనీ, ఆవిడ చెప్పమనకపోతే ఎవరి పేరు చెప్పేదానివే?"

అది నా చేతిలో సంచీ అందుకుని లేచింది. "ట్రైనొచ్చిందమ్మా, ఎక్కు."