కేశవులు డాక్టరు పాదాభివందనాలు

కేశవులు డాక్టరుకు ఆ ఆదివారం శక్తినగర్‌లో జ్ఞానోదయం అయింది. కరెంటు ప్లాంటు కాలనీ హాల్లో చుట్టుపక్కల డాక్టర్లందరినీ కూర్చోబెట్టి, షుగరు జబ్బును ఎట్లా చూడాలో హైదరాబాదు నుంచి వచ్చిన పెద్ద డాక్టరు పాఠం చెప్పాడు. అందులో ఒక మాట కేశవులు మనసులో నాటుకుపోయింది. షుగరున్న ప్రతి మనిషి కాళ్లూ డాక్టరే స్వయంగా పట్టి చూడాలట. స్పర్శ పోయిన పాదానికి ముల్లు దిగినా తెలియదు, తెలిసేసరికి కాలే పోతుంది.

వింటున్నంతసేపూ ఆయనకు గుర్తొచ్చింది హంపమ్మే. గంజ్ మార్కెట్లో పప్పుల దుకాణం ఆమెది. ఆయన తల్లికి ప్రాణస్నేహితురాలు. తల్లి పోయాక పండగ పూట పిలిచి ఇంత బువ్వ పెట్టింది ఆవిడే. ఆమె అన్న శరణప్పకు షుగరు ముదిరి కాలు తీసేశారు. ఈ మధ్య ఆమె నడకలోనూ తేడా కనిపిస్తోంది. అడిగితే ముసలితనం అంటుంది.

సోమవారం దవాఖానాలో పని మొదలుపెట్టాడు. జనం చెప్పులు గుమ్మం బయటే విడిచి వస్తారు కాబట్టి సగం పని అయినట్టే అనుకున్నాడు, పిచ్చి మారాజు. కల్లూరు నుంచి వచ్చిన బసన్న, డాక్టరు వంగి పాదం పట్టుకోగానే కాలు వెనక్కి లాక్కుని లెంపలు వేసుకున్నాడు. తాయమ్మ అనే ముసలామె లాక్కోలేదు గానీ, ఆయన తలమీద చెయ్యి పెట్టి, పండంటి కొడుకు పుట్టాలని దీవించింది. డాక్టరుకు యాభై దాటాయి. రాత్రి ఇంట్లో ఈ దీవెన సంగతి విని భార్య కాత్యాయని వడ్డన ఆపి మరీ నవ్వింది.

బయట కూర్చున్నవాళ్లకు తలుపు సందులోంచి కనిపించింది ఒక్కటే: డాక్టరు ముసలివాళ్ల కాళ్లు పట్టుకుంటున్నాడు. పైగా మున్సిపల్ ఎలక్షన్లు దగ్గర పడ్డాయి. ఏ ఆశా లేకుండా కాళ్లు పట్టుకునే పెద్దమనిషి ఏ ఊళ్లో ఉన్నాడు? సాయంత్రానికల్లా డాక్టరు నిలబడుతున్నాడని బజారు ఖాయం చేసేసింది. మర్నాటి నుంచి మందులు అడిగేవాళ్లు తగ్గి, నల్లా నీళ్లు అడిగేవాళ్లు పెరిగారు. ఆయన కాదని మొత్తుకుంటే, టికెట్టు ఖరారయ్యేదాకా అందరూ అట్లాగే అంటారని కాంపౌండరు శివరాజ్ కన్ను గీటాడు.

అంతలో హంపమ్మ మందులకొచ్చింది. కాళ్లు చూపించమంటే చీర కుచ్చెళ్లు కిందికి లాక్కుంది.

"నువ్వు డాక్టరువు, మా పాలిటి దేవునివి. దేవునితోటి కాళ్లు పట్టించుకుంటె ఏ నరకంల పడుతనో. గోలీలు రాసియ్యి, సాలు."

ఎంత బతిమాలినా వినలేదు. డాక్టరుకు కోపం వచ్చింది, కోపం కంటే ఎక్కువ భయం వేసింది. చదివిన చదువంతా చీర కుచ్చెళ్ల దగ్గర ఆగిపోయిందే అని ఆ పూట అన్నం సయించలేదు.

మర్నాడు తెల్లటి ధోవతీ జుబ్బా వేసుకుని, నుదుట బొట్టు పెట్టుకుని గంజ్‌కు వెళ్లాడు. హంపమ్మ గద్దె మీద కూర్చుని హమాలీ తాయప్పను తిట్టిపోస్తోంది. సంచులు కుట్టే దబ్బనం పోయిన వారం విరగ్గొట్టాడట, విరిగిన మొన ఎక్కడ పారేశాడో చెప్పడట. డాక్టరును చూడగానే ఆమె మొహం విప్పారింది. ఎలక్షన్లకు నిలబడుతూ తనకొక మాటైనా చెప్పలేదేమని నిష్ఠూరమాడింది. డాక్టరు అవుననలేదు, కాదనలేదు.

"నీ ఆశీర్వాదం లేంది ఏ పని మొదలువెట్టాలె పెద్దమ్మా?" అన్నాడు.

ఇంకేముంది! దవాఖానాలో దాచుకున్న కాళ్లను ఆమె గద్దె మీంచి దర్జాగా చాపింది. అక్కడాయన దేవుడు, ఇక్కడ బిడ్డ. డాక్టరు పప్పుల దుమ్ములో సాష్టాంగపడి రెండు పాదాలూ పట్టుకున్నాడు. హంపమ్మ దీవెన అందుకుంది. గెలవాలంది, ఛైర్మన్ కావాలంది, చిక్కసూగూరు దాకా నున్నటి రోడ్డు వేయించాలంది. దీవెన అయిపోయింది గానీ డాక్టరు లేవలేదు. ఇంత వినయం గంజ్‌లో ఎవరూ చూసి ఎరగరు. జనం మూగారు.

"లే బిడ్డా, సాలు," అంది ఆమె.

"పెద్దమ్మా, తాయప్పను తిట్టకు. దబ్బనం మొన దొరికింది."

ఎడమ మడమలో, చీము పట్టిన చిన్న పుండులో అది దిగబడి ఉంది. డాక్టరు కిందే లేచి కూర్చుని, జుబ్బా జేబులోంచి చిన్న పట్టకారు తీసి, దాన్ని లాగి, ఆమె అరచేతిలో పెట్టాడు. హంపమ్మ నవ్వబోయి ఆగిపోయింది.

"గింత పొడుగు దిగితె నాకు నొప్పెందుకు రాలేదురా?"

శరణప్ప పేరు ఇద్దరూ ఎత్తలేదు. పుండు ఇంకా పైపైనే ఉందని, కాలు దక్కుతుందని మాత్రం చెప్పాడు డాక్టరు.

చుట్టూ జనం ఆయన ఎలక్షను గుర్తేమిటని అడుగుతున్నారు. హంపమ్మ వాళ్లను కసిరి పంపేసి, రెండో కాలు తనంతట తానే ఆయన ఒళ్లోకి చాపింది.

"గిది గూడ సూడు, డాక్టరు సాబ్."