లంగరేసిన బడి

తెల్లారగానే వీధిలోకొచ్చి బడి ఏ ఒడ్డున ఉందో చూసుకోవడం లక్ష్మణమ్మకి అలవాటు. పాతపేట వైపుంటే నడిచి వెళ్ళేది. గెడ్డ దాటి కొత్తపేట వైపు పోయుంటే, చీర ఎగగట్టి, బియ్యం గిన్నె నెత్తినెట్టుకుని దోనె ఎక్కేది. ఆ బడి మొదటినుంచీ అంతే, ఒకచోట నిలవదు. పిల్లలూ సంచులు తగిలించుకుని అదెటుంటే అటే పోతారు.

గెడ్డ సముద్రంలో కలిసేముందు ఊరిని రెండు పేటలుగా చీల్చింది. పంచాయితీ మాత్రం ఒకటే, ఓట్లేసేదీ ఆ బడిలోనే. పేటకో పార్టీ. కొత్తపేటోళ్ళది ఎండుచేపల బేరం. దోనెలన్నీ పాతపేట జాలర్లవి. కిందటి ఎన్నికల నాడు బడి పాతపేట ఒడ్డున కూర్చుంది. ఆ పూట ఒక్క దోనె కూడా అవతలికి కదల్లేదు. పాతపేట గెలిచింది. మర్నాడే బడిలో వంటపని కొత్తపేట దేముడమ్మ చేతిలోంచి లక్ష్మణమ్మకి వచ్చింది. సర్పంచి మారితే వంటమనిషి మారడం అక్కడ మామూలే. మొగుడు సముద్రం మీద పోయాక, లక్ష్మణమ్మ ఇల్లు నడిచేది ఆ పని మీదే.

2013లో మళ్ళీ సర్పంచి ఎన్నికలొచ్చాయి. లక్ష్మణమ్మ పూటకి నాలుగుసార్లు వీధిలోకొచ్చి చూసుకుంటోంది. బడి ఈ ఒడ్డునే ఉన్నా, మొహం కొత్తపేట వైపు తిప్పింది మరి.

పాతపేట తరఫున నిలబడ్డ కొండబాబు ముందురోజు సాయంత్రం కుర్రాళ్ళని పోగేసి, బడి వంటగది స్తంభానికి పడవ తాడు కట్టించి, ఒడ్డున లంగరు వేయించాడు.

"ఇంక ఇదెలా ఎల్తాదో సూస్తాను. నీ గరిటె నీ సేతిలోనే ఉంటాది ఒదినా, బెంగెట్టుకోకు," అన్నాడు.

కట్టినవాళ్ళు జాలర్లు కదా! పోటుకి పడవ లేవడానికి వదిలినట్టే, చేతి అలవాటుకొద్దీ తాడు వదులుగా వదిలేశారు. పొద్దున్న పోలింగు సిబ్బందికి లక్ష్మణమ్మ ఉప్మా కలుపుతుండగా బడి లేచింది. తాడున్నంత మేరా పోయి, నడిగెడ్డలో బిగుసుకుని ఆగిపోయింది.

పాతపేటోళ్ళకి దోనెలున్నాయి, వచ్చి ఓట్లేసి పోతున్నారు. అవతలి ఒడ్డున జనం కాలు నిలవక తిరుగుతున్నారు. ఒంటిగంటకి పోలింగు ఆపేస్తారు.

"మాకూ ఓటున్నాది! ఇదేటి నాయం?" అని కేకలు. "కిందటిసారి మీరు గెలిసిందీ ఇలాగే కాదేటి!"

లక్ష్మణమ్మ కిటికీలోంచి చూసింది. ఓటరు కార్డు పైకెత్తి పట్టుకుని, దేముడమ్మ పీకల్లోతు నీళ్ళలో నడిచి వస్తోంది.

"రాకే! పోటొస్తన్నాది!"

"రాక ఏటి సెయ్యమంతావు అప్పా? కిందటిసారీ ఒడ్డునే ఉండిపోనాను. నా గరిటె నువ్వట్టుకున్నావు."

లక్ష్మణమ్మ కూరలు తరిగే కత్తి తీసుకుని స్తంభం దగ్గరికెళ్ళింది.

"ఒదినా!" దోనెలోంచి కొండబాబు అరిచాడు. "తాడు ముట్టుకున్నావంటే నీ పని పోతాది!"

"తెల్సు బాబూ," అని కోసేసింది.

బడి దేముడమ్మని ఎక్కించుకుని కొత్తపేటకి పోయింది. అక్కడ జనం ఎక్కారు. మళ్ళీ పాతపేటకొచ్చింది. ఒంటిగంట దాకా అలా తిరుగుతూనే ఉంది. ఓటర్లు గోడలు పట్టుకుని వరసలో నిలబడ్డారు.

కొత్తపేట ఒక్క ఓటుతో గెలిచింది. కొండబాబు లక్ష్మణమ్మతో మాట మానేశాడు. ఆమె గిన్నెలన్నీ తోమి, బోర్లించి, ఇంటికొచ్చేసింది.

వంట దేముడమ్మకి వెళ్ళింది కానీ, తిరగడం మరిగిన బడి ఇక నిలవడమే మానేసింది. ఈ ఒడ్డున కాసేపు, ఆ ఒడ్డున కాసేపు. ఊగే గదిలో ఒకరు గిన్నె పట్టుకోకపోతే రెండోవాళ్ళు గరిటె తిప్పలేరు. ఒకనాడు బడి పాతపేటకి చేరుతుండగా కిటికీలోంచి కేక వినబడింది.

"అప్పా! బేగి ఎక్కు! అన్నం ఒలికిపోతన్నాది!"

లక్ష్మణమ్మ చీర ఎగగట్టింది, మళ్ళీ ఆగింది. "మీ సర్పంచి ఏటంటాడో?"

"ఆడికి ఓటేసింది నేను. ఆడితో నేను సెప్తాను. నువ్వు ముందు గిన్నె పట్టు."