కాగితపు చెప్పులు

అప్పయ్య ఆ బకెట్టెడు నీళ్ళూ గుమ్మరించాక, ఎదురింటి టాన్ ఆంటీ అతనితో మాట మానేసింది.

తప్పు తనదని అతను ఒప్పుకోలేదు. యీషున్ ఫ్లాట్లలో రెండో అంతస్తు కిటికీ బయట ఆరేసుకున్న యూనిఫారం మీద మసి రాలితే ఎవడికి మండదు? చైనావాళ్ళ ఏడో నెల మొదలైన సాయంత్రం ఆవిడ కింద ఇనపడబ్బాలో కాగితాలు కాలుస్తుంటే, చెత్త తగలబెడుతోందనుకుని మంట మీద నీళ్ళు కుమ్మరించాడు. ఆరిపోయిన డబ్బా ముందు ఆవిడ చాలాసేపు అలాగే కూర్చుండిపోయింది. ఆ తర్వాత లిఫ్టులో ఎదురుపడినా అతని వంక చూడదు. ఆమని పుట్టినప్పుడు అల్లం, నువ్వులనూనె వేసి కోడికూర వండి పంపిన మనిషి! పైకి అనడు గానీ, ఆ ముల్లు లోపల సలుపుతూనే ఉంది.

అప్పయ్య చదువు ఏడో క్లాసుతో సరి. కూతురు ఆమని మాత్రం పుస్తకాల పురుగు. ఆదివారం అతను వెల్లుల్లి ఒలుస్తుంటే, లైబ్రరీ నవల చదువుతూ ముక్కు ఎగబీల్చింది.

"ఏంటే, ఎవరు పోయారు?"

"కథలో వాళ్ళమ్మ పోయింది నాన్నా. బతికుండగా మంచి చెప్పులు కొనివ్వలేకపోయిందట కూతురు. ఇప్పుడు కాగితం చెప్పులు కాలుస్తోంది."

"కాలిస్తే చేరతాయా?"

"మనం కాకికి ముద్ద పెడితే తాతయ్యకి చేరట్లేదా? ఇదీ అంతే, సేమ్ లా!"

వెల్లుల్లి పాయ అతని వేళ్ళ మధ్యే ఉండిపోయింది. "మధ్యలో ఎవడైనా ఆర్పేస్తే?"

ఆమని పుస్తకంలోంచి తలెత్తింది. "నాన్నా, ఆ బకెట్..."

"నోర్మూసుకుని చదవ్వే. తర్వాతేమైందో చెప్పు."

పౌర్ణమి సాయంత్రం టాన్ ఆంటీ మళ్ళీ డబ్బా పెట్టింది. అప్పయ్య బట్టలు లోపల వేసి కిందకు దిగాడు. ఆవిడ ముందు అతని చేతుల్లోకి చూసింది.

"టుడే నో వాటర్ ఆ?"

"సారీ ఆంటీ. ఐ డోంట్ నో."

ఆవిడ ఇంకో కాగితం మంటలో వేసింది. గాలికి మంట వాలిపోతుంటే అతను గొంతుక్కూర్చుని అరచేతులు అడ్డం పెట్టాడు. కాసేపటికి ఆవిడే అడిగింది.

"యువర్ మదర్?"

అతను ఆకాశంలోకి చూపించాడు. ఆవిడ సంచిలోంచి కాగితపు చెప్పుల జత తీసి అతని చేతిలో పెట్టింది.

అమ్మ చెప్పు తొడిగి ఎరగదు. గట్ల మీద నడిచి నడిచి వెడల్పైన పాదాలు ఆమెవి. జత అటూ ఇటూ తిప్పి చూశాడు.

"స్మాల్, ఆంటీ."

"నెవర్ మైండ్ లా," అంది ఆవిడ, పైకెళ్ళే పొగని చూపిస్తూ. "దేర్ కెన్ చేంజ్."