వెనక కడవ

ప్లీడరు ఆదినారాయణగారి పెరటి గుమ్మంలో పైడయ్య కావడి దింపకుండానే మోకాళ్ళు వంచాడు. దింపితే మళ్ళీ ఎత్తడం కష్టం. వంటమనిషి గిన్నె వంచింది. పొద్దుటి భోజనాల్లో మిగిలిన అన్నం ముందు కడవలో పడింది.

"పప్పు కూడా ఉంది, ఎయ్యమంటావేటి?"

"ఒద్దమ్మా. పప్పు కలిస్తే బేగి పాడైపోద్ది."

అరవై ఏళ్ళుంటాయి పైడయ్యకు. కుడి భుజం మీద కొబ్బరిచిప్పంత కాయ. ఆ భుజం ఎడమదానికన్నా రెండంగుళాలు కిందికి జారింది. అరికాళ్ళు వేసవి చెరువులా నెర్రెలిచ్చాయి. ఈ రోజు ఎడమ చెయ్యి పొద్దుటి నుంచీ లాగుతోంది. కడవ బరువనుకున్నాడు.

కొత్త ఒరిస్సా రాష్ట్రం వచ్చి రెండేళ్ళయింది. మద్రాసు వెళ్ళి కటకం వచ్చింది. హద్దు మారింది గాని చద్ది మారలేదు. బరంపురంలో మిగిలిన అన్నంలో నీళ్ళు పోస్తే ఒడియావాళ్ళకది పొఖాళ, మనకు చద్ది, ఎవరికైనా మర్నాటి బలం. ఈ సంగతి తెలియని ఇల్లు ఊళ్ళో లేదు. తెలియనిదల్లా అన్న సంరక్షణ సంఘానికే.

ఆ సంఘంలో పదకొండుమంది సభ్యులు, పదకొండు పొట్టలు. నెలకోసారి కూడి తీర్మానానికో తేన్పు చొప్పున కాలక్షేపం చేసేవారు. వృథా గురించి వాళ్ళు చెప్పేది కథ, పైడయ్య మోసేది వ్యథ. రోజూ నలభై ఇళ్ళు తిరిగి, ఎంగిలిపడని అన్నం తెచ్చి, సంఘం రేకుల షెడ్డు దగ్గర నీళ్ళు పోసి, రెండు గంటలకల్లా పేదలకు పెట్టేవాడు. ఆఖరున కడవ అడుగున మిగిలింది తాను తినేవాడు.

అంతకుముందు ముప్ఫై ఏళ్ళు ఇదే కావడితో ఇళ్ళకు నీళ్ళు మోశాడు. పాత్రపూర్ దగ్గర పల్లెలో పంట పోయిన ఏడు పెళ్ళాం అమ్మడుతో నడిచి వచ్చినవాడు. ఆమెకు జబ్బు చేసిన రోజున గంజి కోసం వీధంతా తిరిగాడు. ఒక పెళ్ళివారి పెరట్లో గంగాళాల కొద్దీ అన్నం గోతిలో పోస్తున్నారు. పక్కవాటాలో ముసలాయన పోయాడట, అన్నం మైలపడిందట. పైడయ్య అడిగాడు. మైల అన్నం పెడితే పాపమన్నారు. ఖాళీ ముంతతో ఇంటికి వచ్చేసరికి అమ్మడుకు గంజి అవసరం తీరిపోయింది.

ఈ రోజు సంఘం వార్షికోత్సవం. నాలుగో విడత కావడితో పైడయ్య షెడ్డుకు వచ్చేసరికి చాపల మీద అన్నం కుప్ప పోయించి, కార్యదర్శి ఆదినారాయణగారు చుట్టూ మామిడాకులు కట్టిస్తున్నారు.

"బాబూ, ఎండ మండిపోతంది. నీల్లు పోసీకపోతే పాసిపోద్ది."

"కటకం నుంచి అంత పెద్ద అధికారి వస్తుంటే పొఖాళ చూపిస్తామేటోయ్? నీళ్ళలో మునిగితే మన కృషి ఏం కనబడుతుంది? తెల్లటి కొండలా ఉండాలి."

"తినీవోల్లకి కొండెందుకు బాబూ."

"నిన్ను మొయ్యమన్నాం, మాట్లాడమన్లేదు. ఆయన చూసేదాకా ఒక్కరికీ పెట్టకు."

పైడయ్య ముందు కడవ కుప్ప మీద గుమ్మరించాడు. వెనక కడవ షెడ్డు వెనక్కి తీసుకుపోయి, వేపచెట్టు కింద దింపి, మెతుకులు మునిగేదాకా నీళ్ళు పోశాడు. బాదం ఆకులు కప్పాడు. పక్కనే గోడకు జేరబడ్డాడు.

గేట్ బజార్ కొట్ల ముందు రాలిన గింజలు ఏరుకునే జగ్గమ్మ అక్కడికే వచ్చి కూలబడింది.

"ఏటి మావా, కొత్త పెల్లికొడుకునాగ మెల్లగా నడస్తన్నావు?"

"ఊరుకోయే. ఈ కడవ సంగతి ఎవులికీ సెప్పకు. ఆల్ల మాటలయ్యాక పెట్టెద్దాం. ఇదొక్కటే మిగుల్తాది."

"నువ్వు తిన్నావా?"

"నానెప్పుడు ఆకర్నే కదే."

మూడు గంటలకు రావలసిన అధికారి అయిదున్నరకు వచ్చాడు. వక్తలెవరో భోక్తలెవరో పోల్చుకోవలసిన పని లేకపోయింది, ఇద్దరూ ఒకరే. ఒడియాలో, తెలుగులో, ఇంగ్లీషులో ఒకే మాట చెప్పారు, ఒక్క మెతుకైనా నేలపాలు కారాదని. ఉపన్యాసాలు చాపకు అటువైపు, ఉపవాసాలు ఇటువైపు. మధ్యలో కొండ మెల్లగా చెమర్చింది. తర్వాత వాసన వేసింది. అధికారి ముక్కుకు రుమాలు అడ్డుపెట్టుకుని లేచాడు. సభ చప్పట్లు కొట్టింది.

"గోతిలో పోయించండి," అన్నారు ఆదినారాయణగారు. "ఒరేయ్ పైడయ్యా, పార తే." షెడ్డు వెనక్కి తొంగి చూసి, "నిద్రపోతున్నాడు వెధవ," అన్నారు.

జగ్గమ్మ లేపబోయి చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి వేపచెట్టు నీడకన్నా చల్లగా ఉంది. కళ్ళు సగం తెరిచి కడవ వైపే ఉన్నాయి.

ఆమె నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. ఇప్పుడు అరిస్తే శవం పక్కనున్న కడవ కూడా మైలపడుతుంది. అదీ గోతిలోకే పోతుంది. పైడయ్య భుజం మీది తువ్వాలు తీసి మొహం మీదికి లాగింది.

"అలిసిపోనాడు బాబూ. పడుకోనీండి."

ఆదినారాయణగారు చీదరించుకుని, అధికారికి తమ ఇంట్లో ఇస్తున్న విందుకు వెళ్ళిపోయారు.

జగ్గమ్మ ఆకులు తీసింది. పుల్లటి కమ్మని వాసన వచ్చింది. కాచుకునున్న వాళ్ళందరినీ పిలిచి ఆ ఆకుల్లోనే మనిషికో దోసెడు పెట్టింది. ఎవరూ పైడయ్య వైపు చూడకుండా తాను అడ్డంగా కూర్చుంది.

"పైడయ్య నిద్దర నెగడేటి?" అంది ముసలి కాసమ్మ.

"నెగుతాడు. ముందు నువ్వు తిను."

ఆకులు నాకడం అయిపోయాక అప్పుడు చెప్పింది. "మావ పోనాడు. మీటింగవుతుండగానే పోనాడు. ముందే సెప్తే మీరు తినరు."

మూతి తుడుచుకుంటున్న చేతులు అక్కడే ఆగిపోయాయి. ఎవరూ ఉమ్మలేదు. కాసేపటికి కాసమ్మ ఏడవడం మొదలుపెట్టింది.

నలుగురు మగవాళ్ళు కావడి బద్దకు అతన్ని కట్టి మోసుకుపోయారు. రోజూలాగే జగ్గమ్మ అతని వంతు ముట్టుకోలేదు. వేపచెట్టు కింద కడవ అడుగున, తేరిన నీళ్ళ కింద, ఒక్క మనిషికి సరిపడా అన్నం చెడకుండా తెల్లగా ఉంది.