లీటరు నీళ్ల సాక్ష్యం

చిట్టికి అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే: తన పాలు చాలక, తన పిల్ల తన ఒళ్లోనే చిక్కి శల్యమైపోతుందేమోనని.

ఆ భయానికి రుజువు కూడా ఉంది. పోయిన నెల ఆస్పత్రి కార్డులో నాలుగు కిలోల తొమ్మిది వందలున్న పిల్ల, ఈ నెల నాలుగు కిలోల ఆరు వందలకు దిగింది. నర్సు ఆ అంకె కింద ఎర్ర గీత గీసి, "వచ్చే సోమవారం మళ్లీ తూస్తాం. పెరగకపోతే నీ పాలు ఆపేసి డబ్బాపాలు పట్టాల్సిందే" అంది.

"నే చెప్తూనే ఉన్నా. పిట్టలా తింటే పాలెక్కణ్ణుంచి ఊరతాయే అమ్మాయ్?" అని ఇంటికి రాగానే అత్తయ్య అందుకుంది.

చిట్టి రెండు రోజులు ఏడ్చింది. మూడో రోజు పిల్లకు చొక్కా తొడగబోతే చేతులు పట్టలేదు. పోయిన నెల వదులుగా ఉన్న చొక్కా! చిక్కిపోయే పిల్లకు చొక్కా ఎలా బిగుతవుతుంది?

పదో తరగతి సగంలో చదువు మాన్పించినా, ఫిజిక్సు టీచరమ్మ మాట మాత్రం చిట్టిని వదల్లేదు. "లెక్క కుదరకపోతే ముందు మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. కొలిచిన పరికరాన్ని అడగండి" అనేదావిడ. ఆ అలవాటు కొద్దీ చిట్టి చరిత్ర క్లాసులో కూడా లేచి, "ఈ యుద్ధం సంగతి రాసినాయన కళ్లారా చూశాడా సార్?" అని అడిగి గంటసేపు బయట నిలబడింది.

పిల్లను చంకనేసుకుని వీధి చివరి కూరగాయల కొట్టుకు వెళ్లింది. తూకం మీద తువ్వాలు పరిచి పడుకోబెట్టింది.

"ఈ కాయ అమ్మకానికి లేదర్రా!" అన్నాడు కొట్టతను, వెనకున్న వాళ్లతో.

ఐదు కిలోల ఆరు వందలు.

ఇంటికొచ్చి చెబితే, "కూరలమ్మేవాడికి నర్సు కంటే ఎక్కువ తెలుసా?" అంది అత్తయ్య.

"తెలుసని అనట్లేదత్తయ్యా. రెండు తూకాల్లో ఒకటి అబద్ధం. ఏదో తేలాలి."

"తేల్చడానికి నువ్వెవరే, జడ్జివా?"

"పిల్ల తల్లిని."

తేల్చాలంటే బరువు ముందే తెలిసిన వస్తువు కావాలి. లీటరు నీళ్లు కిలో తూగుతాయి. మూత తీయని లీటరు సీసాను మళ్లీ కొట్టు తూకం మీద పెట్టింది. కిలో మీద ఇరవై గ్రాములు. ఆ ఇరవై సీసాది. కొట్టు తూకం నిజమే చెప్పింది.

సోమవారం ఆస్పత్రిలో తన వంతు రాగానే చిట్టి సంచిలోంచి సీసా తీసింది.

"ఏంటమ్మా ఇది? పిల్లను పడుకోబెట్టు" అంది నర్సు.

"ముందు సీసా, సిస్టర్."

"ఇదేమన్నా నీ వంటిల్లా? నీ వెనక ముప్పైమంది ఉన్నారు."

"వాళ్ల కోసం కూడానే."

"మిషన్ సున్నా చూపిస్తోంది, కనబడట్లేదూ?"

"ఖాళీగా ఉన్నప్పుడు సున్నా చూపిస్తే సరిపోదు సిస్టర్. బరువు పెడితే ఏం చెబుతుందో చూడాలి." చిట్టి పక్కకు జరగలేదు. సీసాను తూకం పళ్లెం మధ్యలో నిలబెట్టింది.

ఎనిమిది వందల నలభై గ్రాములు.

"అయ్యో, ఇక్కడ నీళ్లు కూడా చిక్కిపోయాయే!" అంది వెనక నుంచి ఒకావిడ. వరసంతా నవ్వింది. నర్సు నవ్వలేదు.

చిట్టి వంగి చూసింది. కొత్త బీరువాకు చోటు చేయడానికి తూకం ఉన్న బల్లను గోడకు నెట్టారు. పళ్లెం అంచు కిటికీ గట్టును ఆనుకుని ఉంది. బిందెను ఇద్దరు పట్టుకుంటే ఏ ఒక్కరి చేతికీ పూర్తి బరువు తెలియదు. ఇదీ అంతే.

"పిల్లల బరువు కొంత కిటికీ మోస్తోంది సిస్టర్" అని బల్లను జానెడు ఇవతలికి లాగింది. నర్సు మళ్లీ సున్నా చేసింది. సీసా కిలో ఇరవై తూగింది. పిల్ల ఐదు కిలోల ఏడు వందలు తూగింది.

"బీరువా ఎప్పుడొచ్చింది?" అని అడిగింది చిట్టి.

"మూడు వారాలైంది." నర్సు గొంతు తగ్గింది. "పెద్ద డాక్టరు గారికి చెప్తాలేమ్మా."

"చెప్పండి. ఈలోగా పాలు మాన్పించిన తల్లులకు ఎవరు చెప్తారు? రిజిస్టరు తియ్యండి. చెప్పేదాకా నేను కదలను."

చిట్టి కాక ఇంకా పదకొండుమంది తల్లుల పేర్ల దగ్గర ఎర్ర గీతలు తేలాయి. నర్సే ఒక్కొక్కరికీ ఫోను చేసింది. పదిమంది పలికారు. పదకొండో నంబరు మోగలేదు. ఆమె కవల పిల్లల తల్లి. చిరునామా గడిలో ఏమీ రాసి లేదు. ఇల్లు మారుతున్నామని చెప్పిందట, ఇద్దరికీ పాలు ఆపేయమన్నప్పుడు ఏడుస్తూ వెళ్లిందట. ఇప్పటికి తొమ్మిది రోజులు.

మీ వీధిలోకి ఈ మధ్య దిగినవాళ్లలో కవల పిల్లల తల్లి ఎవరైనా ఉంటే, దయచేసి వెళ్లి తలుపు తట్టండి. తప్పు ఆమెది కాదని, తూకానిదని చెప్పండి. ఇంకా ఆలస్యం కాలేదని, పిల్లల్ని మళ్లీ రొమ్ముకు పట్టుకోమని చెప్పండి. ఆమె ఎలా ఉందో కూడా చూసి రండి.